వెనక తలుపు గంట

రోవీనాని పోయిన వారం ఎక్కడ నిలబెట్టి వచ్చామో గుర్తుందిగా? బఫర్స్ క్లబ్బు ముందుగదిలో, కోట్లు దాచే కౌంటరు వెనక. ఆగస్టు సోమవారం, బ్యాంకు సెలవని ఊరంతటికీ సెలవే, మిట్టమధ్యాహ్నం. లోపలి హాల్లో కుర్రకారు పగలనక ఊగిపోతున్నారు. గుమ్మంలో ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. అంత ఎండలోనూ నల్లకోటు తొడుక్కుని ఉన్నాడు. ఆ మనిషిని చూసేసరికి రోవీనాకి పైప్రాణాలు పైనే పోయాయి.

వచ్చినవాడు పాస్టరు.

కథలోకి ఇప్పుడే అడుగు పెడుతున్నవాళ్ళకి రెండు ముక్కలు చెబుతాను, మిగతావాళ్ళు విసుక్కోకండి. షెఫీల్డులో నది పక్కనున్న ఆ భవంతి ఒకప్పుడు చెంచాలకీ కత్తులకీ మెరుగుపెట్టే కార్ఖానా. ఒంటికి కాగితం చుట్టుకుని, తలకి ఎర్రగుడ్డ కట్టుకుని, ఆడవాళ్ళు పొద్దస్తమానం తిరిగే చక్రాల ముందు నిలబడేవాళ్ళు. వాళ్ళని బఫర్లనేవారు. చేతులెంత నల్లగా ఉండేవో నోళ్ళంత వాడిగా ఉండేవి. మేస్త్రీలు సైతం వాళ్ళ పక్కనుంచి తల వంచుకుని పోయేవారు. రోవీనా తల్లి అక్కడే పని చేసింది, అక్కడే దగ్గు తెచ్చుకుంది, ఆ దగ్గుతోనే పోయింది. కార్ఖానా మూతపడ్డాక పావురాలు కాపురం పెట్టాయి. పావురాల తర్వాత లండన్ నుంచి రస్సెల్ పైక్ అనేవాడు దిగాడు. చక్రాలున్న చోట మనిషెత్తు స్పీకర్లు నిలబెట్టి, పాత పేరునే కొత్తగా తగిలించి, బఫర్స్ అని క్లబ్బు తెరిచాడు. ఇక చూడండి, ఊళ్ళో కుర్రాళ్ళంతా అక్కడే. పొగ, ఈలలు, గుండెకాయని పరిగెత్తించే డప్పు, ఒంటిని అలుపెరగకుండా ఆడించే మాత్రలు. అప్పుడు తొంభై ఒకటో సంవత్సరం, ఆ దేశంలో ఏ ఊరు చూసినా అదే పిచ్చి.

ఆ వ్యాపారంలో తలుపంటే చెక్కా గొళ్ళెమూ కాదు. గుమ్మంలో నిలబడే మనుషులు ఎవరి మనుషులు అన్నదే తలుపు. తలుపు ఎవరి చేతిలో ఉంటే లోపల మాత్రలు అమ్ముకునే పెత్తనం వాళ్ళది. "మీ తలుపు మాకిచ్చెయ్యండి" అని ఎవరైనా మర్యాదగా కబురు పెట్టారంటే, కొంపకి నిప్పు పెట్టడానికి ముహూర్తం అడిగారన్నమాట. కొండల అవతలి ఊరి నుంచి పాస్టరు అలాగే కబురు పెట్టాడు. రస్సెల్ ఇవ్వనన్నాడు. ఆ వారమే గుమ్మం కాపలా మనుషులకి నాయకుడైన పెద్ద క్లైడ్ కుడిచెయ్యి కారు తలుపులో పడి నలిగింది. పడిందంటున్నాను గానీ, దానంతటది పడలేదు.

అప్పుడు పెట్టించాడు రస్సెల్ ఆ గంట. మీట రోవీనా మోకాలి దగ్గర, కౌంటరు కింద ఉంటుంది. నొక్కితే హాల్లో క్లైడ్ మనుషులకీ వినిపిస్తుంది, వెనక తలుపు దగ్గరా మోగుతుంది. వెనక తలుపుకి కాపలా ఎవరంటే, సిరిల్ స్టానిఫోర్త్. రోవీనా కన్నతండ్రి. ఉక్కు మిల్లు మూసేశాక గోడలకేసి చూస్తూ కూర్చునే మనిషిని బతిమాలి, బామాలి, ఆ కుర్చీలో కూర్చోబెట్టింది ఈ పిల్లే. ముందు గుమ్మంలో రభస చేసి, అందరూ అటు పరిగెత్తగానే వెనక నుంచి దూరడం ముఠాలకి అలవాటు. అందుకని రస్సెల్ సిరిల్‌కి ఒక్కటే ఆజ్ఞ పంపాడు. గంట మోగుతున్నంతసేపూ తలుపు గొలుసు తీయకూడదు. ఆ మాట రోవీనానే మోసుకెళ్ళి తండ్రికి చెప్పింది. ఆయన బడిపిల్లాడిలా అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు కూడా.

ఇదీ సంగతి. ఇక పాస్టరు కౌంటరు దగ్గరికి వచ్చాడు.

గుమ్మంలో ఉండాల్సిన ఇద్దరూ అప్పుడే లోపలికి పోయారు. ఉక్కకి సొమ్మసిల్లిన పిల్లనెవరినో ఎత్తుకు రావడానికి. ముందుగదిలో మిగిలింది రోవీనా ఒక్కతే. కోట్ల వరసల వెనకెక్కడో తనతో పనిచేసే మార్లీన్ ఉంది గానీ, ఆ పిల్ల ఎప్పుడూ పాటకి తల ఊపుతూ హ్యాంగర్లతో మాట్లాడుతూ ఉంటుంది. ఉన్నా లేనట్టే.

"కోటు దాస్తావా తల్లీ?" అన్నాడు పాస్టరు. గొంతు వెన్నలా ఉంది. "దేవుడు నిన్ను చల్లగా చూడాలి."

ప్రతి మాట చివరా దేవుణ్ణి తగిలిస్తాడు కనకనే ఆ పేరు. కోటు విప్పి నాలుగు మడతలు పెట్టి కౌంటరు మీద ఉంచాడు. జేబులో ఏదో బరువైనది చెక్కకి తగిలి టక్కుమంది. అదేమిటని రోవీనా అడగలేదు. అడగాల్సిన అవసరమూ లేదు.

"ఇవాళ… ఇవాళ కోట్లు తీసుకోవడం లేదండీ."

"మరి వెనక వేలాడుతున్నవేంటి, తోరణాలా?" నవ్వాడు. "భయపడకు. నీతో నాకేం పేచీ? మీ నాన్న బాగున్నాడా?"

ఈయనకి మా నాన్నెవరో ఎలా తెలుసు? నన్ను చూస్తే ఆయన పోలికలు కూడా లేవే!

"మా నాన్న ఊసెత్తొద్దు," అంది.

"ఎత్తొద్దంటే ఎలా తల్లీ? మొన్న పబ్బులో మా కుర్రాడొకడు ఆయన పక్కనే కూర్చున్నాడు. ఎంత మంచి మనిషి! కడుపులో ఏదీ దాచుకోడు. మిల్లు కబుర్లు చెప్పాడు, మీ అమ్మ గురించి చెప్పాడు, కొత్త ఉద్యోగం గురించి చెప్పాడు. ఇన్నాళ్ళకి మళ్ళీ నలుగురికి పనికొచ్చే పని దొరికిందని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట పాపం."

ఆ మాట రోవీనా గుండెలో గుచ్చుకుంది. నాన్న కళ్ళనీళ్ళు తన ముందు ఏనాడూ పెట్టుకోలేదు. ఊరూ పేరూ తెలియనివాడి ముందు పెట్టుకున్నాడు.

మోకాలు మెల్లగా మీట వైపు జరిపింది. మొహంలో ఏమీ కనపడనివ్వలేదనుకుంది. పాస్టరు చూపు కిందికి దిగింది, మళ్ళీ పైకి వచ్చింది.

"నొక్కు," అన్నాడు.

"ఏంటీ?"

"కౌంటరు కింద గంట ఉందిగా. నొక్కు. చెడ్డవాణ్ణి వచ్చాను, ఎదురుగా నిలబడ్డాను. ఇలాంటప్పుడు నొక్కమనేగా అది పెట్టింది?"

మోకాలు గాలిలోనే ఆగిపోయింది. కన్నం వేయడానికి వచ్చిన దొంగ ఎక్కడైనా ఇంటివాళ్ళని కేకలెయ్యమంటాడా? బెదిరిస్తున్నాడా, ఆటలాడుతున్నాడా? గంట నొక్కితే క్లైడ్ మనుషులు పదిమంది వచ్చి మీద పడతారు. ఈయన ఒక్కడే ఉన్నాడు. అయినా నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి, నొక్కమ్మా నొక్కు అంటున్నాడు. రోవీనాకి అంతకుముందున్న భయం ఒక ఎత్తు, ఇప్పుడు పట్టుకున్న భయం ఒక ఎత్తు. ఎందుకో తెలియని భయానికి మించిన భయం లేదు.

సరిగ్గా అప్పుడే కౌంటరు ఆ చివర ఒక అమ్మాయి వచ్చి నిలబడింది. చెమటకి జుట్టంతా నుదుటికి అతుక్కుపోయి, మెళ్ళో ఈల వేలాడేసుకుని ఉంది. కోట్ల మధ్యలోంచి మార్లీన్ తల బయటికి పెట్టింది.

"మార్లీన్, నా కోటు ఇప్పుడే తీసుకోవాలా? ఇంకాసేపు ఆడతానే!"

"ఆడుకోవే తల్లీ, నీ కాళ్ళు నీ ఇష్టం. నేను ఆరు వైల్ ఇక్కడే చస్తాగా. నీ కోటుకి కాళ్ళొచ్చి పారిపోదులే."

ఆ అమ్మాయి నవ్వుకుంటూ హాల్లోకి పోయింది. మార్లీన్ మళ్ళీ కోట్లలో మాయమైంది. ఎవరికీ పట్టని మాట అది. షెఫీల్డు వీధుల్లో రోజుకి వెయ్యిసార్లు వినపడే మాట. రోవీనాకి మాత్రం నెత్తిన పిడుగు పడ్డట్టయింది.

ఆరు వైల్. అంటే ఆరింటిదాకా.

ఈ 'వైల్' అనే చిన్న మాటకి రెండు కాపురాలున్నాయి. లండన్‌లో అది 'జరుగుతున్నంతసేపు'. షెఫీల్డులో, ఆ చుట్టుపక్కల యార్క్‌షైర్ అంతటా, అది 'జరిగేదాకా'. వాన 'వైల్' ఆగమంటే లండన్‌వాడు వాన పడుతున్నంతసేపూ ఆగుతాడు. షెఫీల్డువాడు వాన వచ్చేదాకా ఆగి, వచ్చాక గొడుగు లేకుండా బయల్దేరతాడు. తమాషాకి చెప్పుకుంటారు ఇలాంటివి. రోవీనా చదువుకని లండన్ పోయి వచ్చాక సిరిల్ ఎన్నిసార్లు ఏడిపించలేదు! "మా అమ్మడు నాలిక మీద థేమ్స్ నీళ్ళు పడ్డాయి, ఇప్పుడది మాట్లాడితే నాకు దుబాసీ కావాలి," అనేవాడు. ఇద్దరూ పడీపడీ నవ్వుకునేవాళ్ళు.

రస్సెల్ లండన్‌వాడు. ఆయన నోట్లోంచి ఎలా వచ్చిందో అలాగే తీసుకెళ్ళి చెప్పింది తను. గంట మోగే 'వైల్' తలుపు తీయకు నాన్నా.

నాన్న విన్నది వేరు. గంట మోగేదాకా తలుపు తీయకు.

మోగిందంటే, తియ్యి.

ఆ రోజు ఆయన మొహం ఇప్పుడు కళ్ళముందు కట్టింది. విని, తల ఊపి, "మంచి ఏర్పాటే చేశాడు మీవాడు. గొడవొస్తే పిల్లలు ఎటోకటు బయటపడాలిగా పాపం," అన్నాడు. ఏదో తన ధోరణిలో అంటున్నాడులే అనుకుని తను టీ కప్పు అందుకుంది. ఎంత గుడ్డిదై పోయింది! ఒక్క ప్రశ్న, ఏ పిల్లలు నాన్నా అని ఒకే ఒక్క ప్రశ్న వేసుంటే తేలిపోయేది. చదువుకున్న నాలికట! కొరివితో తల గోక్కున్నా ఇంత కాలేది కాదు.

అదే మాట నాన్న పబ్బులో చెప్పాడు. గంట మోగగానే గొలుసు తీసి పిల్లల్ని బయటికి పంపుతాను, అదే నా డ్యూటీ అని. పక్కన కూర్చున్నవాడు విన్నాడు.

ఇప్పుడు వాళ్ళు వెనక సందులో ఉన్నారు. గంట కోసం చూస్తున్నారు.

రోవీనా మోకాలు వెనక్కి లాక్కుంది. పాస్టరు మొహంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది.

"అయ్యో, అర్థమైపోయిందే," అన్నాడు జాలిగా. "తెలివైన పిల్లవి."

"ఎంతమంది ఉన్నారు వెనక?"

"నీకెందుకు తల్లీ లెక్కలు?"

"మా నాన్నకి ఏమీ తెలీదు. ఆయనకి ఏ ముఠాల సంగతీ తెలీదు. పిల్లలకోసం తీస్తున్నాననుకుంటాడు. ఆయన్ని ఏమీ చెయ్యకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను. తలుపు మీకే ఇమ్మని రస్సెల్‌కి నేను చెబుతాను."

"ఇమ్మని అడిగే రోజులు పోయాయమ్మా. ఇవాళ తీసుకునే రోజు. మీ నాన్న పక్కకి తప్పుకుంటే ఏమీ కాదు. తప్పుకుంటాడంటావా?"

రోవీనాకి జవాబు తెలుసు. తప్పుకోడు. పిల్లల్ని బయటికి పంపడానికి నిలబడ్డ మనిషి, లోపలికి వచ్చేవాళ్ళకి అడ్డం పడతాడు. ఒంటి మీద కండ లేకపోయినా అడ్డం పడతాడు. మిల్లులో ఒకసారి కొలిమి పగిలితే అందరూ పారిపోగా ఎవరికోసమో వెనక్కెళ్ళిన మనిషి ఆయన. ఇక ఆలోచించలేదు.

"మార్లీన్!" అని అరిచింది. "మార్లీన్, పరిగెత్తవే! వెనకున్న మా నాన్నకి చెప్పు, గొలుసు…"

మాట పూర్తి కానివ్వలేదు. పాస్టరు చెయ్యి కౌంటరు మీదుగా వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. అంత మెత్తగా మాట్లాడే మనిషి పట్టు ఇంత గట్టిదా! ఎముక మీద ఎముక నలిగింది. రోవీనా కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

మార్లీన్ కోట్లు తోసుకుంటూ వచ్చింది. డప్పుమోతలో మాటలు ఏ మేరకి వినపడ్డాయో ఏమో, చూడ్డం మాత్రం చూసింది. ఎవడో నల్లచొక్కావాడు, రోవీనా చెయ్యి, రోవీనా మొహం. ఆ పిల్ల అమ్మమ్మ కూడా బఫరేనట. ఆ రక్తం ఊరికే పోతుందా?

"వదలరా సచ్చినోడా! ఆడపిల్ల చెయ్యి పట్టుకుంటావా? నీ చేతులు పడిపోనూ!"

హ్యాంగరు తీసి వాడి మోచేతి మీద ఒక్కటేసింది. పాస్టరు కదల్లేదు. మార్లీన్ చూపు గుమ్మం వైపు పోయింది, అక్కడెవరూ లేరు. చూపు కౌంటరు కిందికి పోయింది.

"వద్దు!" అంది రోవీనా. "వద్దే మార్లీన్! గంట వద్దు!"

డప్పుమోతలో వద్దన్న మాటొక్కటే వినపడి, వద్దన్నది వాణ్ణనుకుంది ఆ పిచ్చిపిల్ల. స్నేహితురాలిని కాపాడుకోవాలన్న ఆత్రంలో నేలమీద మోకాళ్ళు కొట్టుకునేలా కిందపడి, పిడికిలితో మీట మీద గట్టిగా ఒక్క గుద్దు గుద్దింది.

గంట మోగింది.

పాస్టరు వెంటనే చెయ్యి వదిలేశాడు. చొక్కా మడత సరిచేసుకున్నాడు. "దేవుడు మీ ఇద్దర్నీ దీవించాలి," అని గుమ్మం పక్కనున్న బల్ల మీద పెళ్ళికి వచ్చిన పెద్దమనిషిలా కూర్చున్నాడు.

రోవీనా కౌంటరు ఎలా దాటిందో ఆమెకే తెలీదు. హాల్లోకి పడింది. పొగలో తన చెయ్యి తనకే కనపడ్డం లేదు. గంట గణగణ మోగుతూనే ఉంది. అది కూడా పాటలో భాగమేననుకున్నారు ఆడేవాళ్ళు. చేతులు పైకెత్తి కేకలు, దానికి తగ్గట్టు ఈలలు. ఎవరో ఆమె భుజాలు పట్టుకుని తమతో పాటు ఎగరమన్నారు. తోసేసింది. ఇంకెవరో కావలించుకున్నారు. విదిలించుకుంది. "జరగండి! దయచేసి జరగండి!" అంటే నవ్వి దారికి బదులు నీళ్ళసీసా ఇస్తారు. అంత ప్రేమ ఒలకబోసే జనంలో ఒక్కరికీ ఆమె మొహం కనపడలేదు.

ఎదురుగా క్లైడ్ వచ్చాడు, కట్టు కట్టిన చెయ్యి గుండెకి ఆనించుకుని. వెనక అతని మనుషులంతా ఉన్నారు. గంట విని ముందు గుమ్మానికి పరిగెడుతున్నారు, పరిగెత్తమనేగా గంట. రోవీనా అతని చొక్కా పట్టుకుంది.

"వెనక్కి క్లైడ్! వెనక్కి!"

"అవును, నువ్వు వెనక్కెళ్ళిపో! భయపడకు, ముందు మేం చూసుకుంటాం!" అని ఆమెని తన చేత్తోనే వెనక దారిలోకి నెట్టి, మనుషులతో సహా పొగలో కలిసిపోయాడు. ఒక్కడు కూడా మిగల్లేదు.

వెనక వరండా ఇరుకు. కార్ఖానా రోజుల నాటి ఇటుక గోడలు. సంగీతం అక్కడికి గోడల్లోంచి మూలుగులా వస్తుంది. రోవీనా గోడ పట్టుకుని పరిగెత్తింది. నాన్నా తియ్యకు, నాన్నా తియ్యకు, నీ అలవాటు కొద్దీ కాస్త ఆలస్యం చెయ్యి నాన్నా, కుర్చీలో కునుకు తియ్యి నాన్నా. చిన్నప్పుడు చర్చిలో కూడా అంత నిజంగా ప్రార్థన చెయ్యలేదు ఆ పిల్ల.

మలుపు తిరగకముందే మొహానికి చల్లగాలి తగిలింది. నేలమీద ఎండ పడి ఉంది. అప్పుడే తెలిసిపోయింది.

తలుపు బార్లా తీసి ఉంది. సిరిల్ దాని పక్కన నిటారుగా నిలబడి ఉన్నాడు. చర్చికి వేసుకెళ్ళే కోటు ఉద్యోగానికి కూడా అదే వేసుకొస్తాడు. తీసిన గొలుసుని మిల్లు పద్ధతిలో మోచేతికి చక్కగా చుట్టి పెట్టుకున్నాడు. కూతుర్ని చూడగానే మొహం వెలిగిపోయింది.

"వచ్చావా అమ్మడూ! చూశావా, గంట మొదలవగానే తీసేశాను. క్షణం ఆలస్యం చెయ్యలేదు. పిల్లలేరీ? తోసుకోకుండా ఒక్కొక్కరినే రమ్మను."

ఆయన పక్కనుంచి నలుగురు మగవాళ్ళు లోపలికి వచ్చారు. తొందర లేదు వాళ్ళకి. చివరివాడు మర్యాదగా తలుపు మూశాడు. ఎండ పోయింది. సిరిల్ మోచేతి మీది గొలుసు తనే తీసుకుని తలుపుకి మళ్ళీ చుట్టి, ఆయన వైపు చెయ్యి చాపాడు.

"గొలుసు తాళంచెవి ఇలా ఇవ్వు పెద్దాయనా."

"మీరెవరు బాబూ? లోపలికి కాదు, ఇది బయటికి పోయే…"

అని ఆగిపోయాడు సిరిల్. కూతురి మొహం చూశాడు. నెత్తురు చుక్క లేని ఆ మొహంలో ఏం చదువుకున్నాడో, ఆయన నవ్వు అంచుల నుంచి కరిగిపోయింది. భార్య పోయిన రోజు ఆసుపత్రి వరండాలో కూడా రోవీనా ఆయన్ని అంత ముసలివాడిగా చూడలేదు.

"నేను తప్పు చేశానా అమ్మడూ?"

తప్పు నీది కాదు నాన్నా, నాది, అనాలనుకుంది. కన్నీళ్ళు మాత్రం వచ్చాయి.

"పెద్దాయనా, మర్యాదగా అడుగుతున్నా," అన్నాడు తలుపు మూసినవాడు. మిగతా ముగ్గురూ ఆగి వెనక్కి తిరిగారు.

సిరిల్ తాళంచెవి ఉన్న చెయ్యి వెనక్కి పెట్టుకుని పిడికిలి బిగించాడు. తర్వాత ఎంతో నెమ్మదిగా, కూతురికీ ఆ నలుగురికీ మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు.